మెంబర్ మామ మళ్లించిన రోడ్డు

మెంబర్ మామ పోయాడు. పొద్దున అమ్మ బియ్యం కడుగుతుంటే ఆయన కోడలు ఫోన్ చేసింది. నిద్రలోనే ప్రాణం పోయిందట, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట. ఆ మాట చెప్పి అమ్మ ముఖం చూశాను. అమ్మ బియ్యం నీళ్లు వంపి, గిన్నె మీద మూత పెట్టి, "ఊరికి ఏ బస్సున్నదో చూడు బిడ్డా" అంది. ఏడవలేదు. పీడ పోయిందనీ అనలేదు. నేను మాత్రం మనసులో అనుకున్నాను. అనుకున్నందుకు నాకు సిగ్గేమీ లేదు.

మా ఇంటిని రోడ్డు కింద వేయించిన మనిషిని తలుచుకొని ఇంత రాయడం ఎందుకని ఇది చదివేవాళ్లు అడగొచ్చు. ఆయన అదొక్కటే చేసి ఉంటే నేను కూడా రాయకపోదును. పరాయివాడు చేస్తే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాం. మెంబర్ మామ మాకు పరాయివాడు కాదు. నా ఏడుపంతా అక్కడే ఉంది.

మా ఊరు జడ్చర్ల నుంచి లోపలికి పోవాలి. ఆయనా మేమూ ఒక కులం కాదు, ఏ చుట్టరికమూ లేదు. ఊరి నడుమ ఎదురెదురు ఇళ్లు, మధ్యలో బాట. మాది కుమ్మరి ఇల్లు. మా బాపు కుండలకు గిరాకీ పోయిందని బొంబాయి పనికి వెళ్లి, జబ్బుతో తిరిగొచ్చి, కొన్నాళ్లకే కన్నుమూశాడు. అప్పుడు నేను బడికి పోతున్నాను. అమ్మ కూడా బొంబాయి మేస్త్రీని కలిసి వచ్చింది, నన్ను అవ్వ దగ్గర వదిలి పోదామని. ఆ సాయంత్రం మామ మా వాకిట్లో గొంతుక్కూచొని అమ్మను వారించాడు. "పని బొంబాయిల లేదు చెల్లె, నీ ఇంటి ముందలనే ఉన్నది" అన్నాడు. బాట మీద పోయే వాళ్లందరికీ ఇక్కడ ఒక చాయ్ హోటల్ లేదని, ముందు గది తలుపులు బాటవైపు తెరిస్తే చాలని చెప్పాడు. మొదటి రోజుల్లో పాలు ఆయన బర్రెవే. అమ్మ ఆయన్ని అన్న అంది, కాబట్టి నాకు మామ అయ్యాడు.

ఆయన వార్డు మెంబర్‌గా గెలిచింది ఎప్పుడో. తరువాత ఓడిపోయాడు కూడా. అయినా ఊరికి ఆయన మెంబరే. పదవి పోయినా పేరు పోలేదని ఎవరైనా వెక్కిరిస్తే నవ్వేవాడు. పొద్దున్నే మా హోటల్ బల్ల మీద కూచొని చాయ్‌ని సగం సాసర్‌లోకి వంపి పక్కన ఎవరు కూచుంటే వాళ్ల ముందుకు జరిపేవాడు, తెలిసినవాడైనా తెలియనివాడైనా. "ఒక్కన్ని తాగితే నాకు అరగది" అనేవాడు. కొత్తవాళ్లు మొహమాటపడితే అమ్మ లోపలినుంచి, తాగమనీ, తాగకపోతే అన్న కూడా తాగడనీ చెప్పేది.

గ్రామసభ ఉందని డప్పు చాటింపు అయ్యాక, ఆయన మళ్లీ ఇల్లిల్లూ తిరిగేవాడు. చాటింపు అయింది కదా అంటే, అది మగవాళ్లకే వినిపిస్తుందనేవాడు. మా ఇళ్ల వరసలోని ఆడవాళ్లను గ్రామసభకు తీసుకుపోయింది ఆయనే. పోయి ఊరికే కూచుంటే ఒప్పుకునేవాడు కాదు. ముందురోజు మా హోటల్‌లో తనే సర్పంచ్‌లా కుర్చీ వేసుకొని కూచొని, అమ్మతో మురుగు పారే మోరీ గురించీ, నల్లా గురించీ అడిగించేవాడు. అమ్మ నేల చూస్తూ గొణిగేది. "తల దించి అడిగితే నీకు చెప్పులే గనపడ్తయి చెల్లె. మొఖం జూసి అడుగు" అనేవాడు. మళ్లీ అడిగించేవాడు. నేనూ, నా స్నేహితురాళ్లూ గల్లాపెట్టె వెనక నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం. కానీ అమ్మ నిజంగానే లేచి, నిజమైన సర్పంచ్ ముఖం చూసి అడిగింది. మా వరసకు నల్లా పైపు వచ్చింది. అడిగినోనికి నల్లా, అడగనోనికి బోరింగ్ అని మామ చాలాకాలం చెప్పుకు తిరిగాడు. ఆ రోజు అమ్మ నడకే మారిపోయింది. అంత ఉపకారం చేసిన మనిషి.

తెలంగాణ వచ్చిన తరువాత రోడ్లన్నీ వెడల్పు చేస్తుంటే మా బాటకూ వంతు వచ్చింది. డబుల్ రోడ్డు. ఊరంతా సంబరపడింది, ఊరి నడుమ ఇళ్లున్న మేము తప్ప. గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్లున్న జాగాకు పట్టాలుండవు కాబట్టి ఇల్లు పోతే పోయినట్టే. అదీగాక మా బాట మధ్యలో బొడ్రాయి ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, బొడ్రాయి అంటే ఊరి బొడ్డు. ఊరు పుట్టినప్పుడు నడుమ పాతిన రాయి. దాన్ని నిలిపే పండుగ రోజున ఊరి ఆడబిడ్డలందరూ వచ్చి బిందెలతో నీళ్లు పోస్తారు, ఊళ్లోవాళ్లు పొలిమేర దాటరు, బయటివాళ్లు లోపలికి రారు. ఆ రాయి మామ ఇంటివైపుకు కొంచెం జరిగి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే రోడ్డు మావైపుకు మళ్లాలి, మా వరస ఇళ్లు మొత్తం పోతాయి. దాన్ని జరిపితే రోడ్డు సాఫీగా పోతుంది, రెండువైపులా అరుగులూ ముందు గదులూ కొంచెం కొంచెం పోతాయి, ఇళ్లు మిగులుతాయి. ఉన్న లెక్క ఇంతే.

గ్రామసభలో మామే లేచి బొడ్రాయిని జరుపుదామన్నాడు. మళ్లీ పండుగ చేద్దాం, ఆడబిడ్డలను పిలుద్దాం అన్నాడు. "పోతే నా అరుగు గూడ పోతది, పోనియ్యిండ్రి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అయినా మా వరసలోని టైలరన్నకూ, కిరాణా కొట్టాయనకూ నమ్మకం కుదరలేదు. పాలమూరు పోయి వకీలును పెట్టి స్టే తెద్దామని అమ్మనూ రమ్మన్నారు. అమ్మ మామను అడిగింది. కోర్టుకు పోతే ఊరు రెండుగా చీలిపోతుందని, తన మాట మీద ఆగమని ఆయన చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. బాటలోకి వెళ్లి బొడ్రాయి మీద చెయ్యి పెట్టి, "నీ ఇల్లు నిలవెడ్త చెల్లె" అన్నాడు.

మా దగ్గర ఆ రాయి మీద చెయ్యి పెట్టి అన్న మాటకు మించిన కాగితం లేదు. కోర్టు మెట్లెక్కినా అంత నమ్మరు. అమ్మ వెళ్లి టైలరన్నను ఆపింది, కిరాణా ఆయన్నీ ఆపింది. అన్న చెయ్యి పెట్టి చెప్పాడు, ఇంకేం కావాలి అంది. అమ్మ మాట మీద వాళ్లూ ఆగారు. ఎప్పుడో మానేసిన సారెను మా బాబాయి మళ్లీ తిప్పి, పండుగకు కొత్త కుండలు చేసి ఆరబెట్టాడు.

ఇంజనీరు కొలతలకు వస్తాడన్న ముందురోజు సాయంత్రం మామ ఇంట్లో పెద్దమనుషులు కూచున్నారు. చాయ్‌లు పంపమని కబురొస్తే అమ్మే ట్రేలో పెట్టుకొని పోయింది. ఆ ఇంట్లోకి అమ్మ ఎప్పుడూ అడగకుండానే పోతుంది. ఆ రోజు మామ గుమ్మంలోనే ఎదురొచ్చి ట్రే అందుకున్నాడు. అందులో ఆయనకూ ఒక గ్లాసు ఉందని అమ్మ గుర్తుచేసింది. ఆయన తల ఊపి లోపలికి పోయాడు. అమ్మ ఖాళీ చేతులతో తిరిగొచ్చి, మీటింగ్ పెద్దదే ఉన్నట్టుందని నాతో అంది. మా ఇంటి గొంతు కోసే మీటింగ్‌కు మా ఇంటి చాయే పోయింది. ఇన్నేళ్ల తరువాత కూడా దీన్ని మాత్రం నేను మింగలేను.

మరునాడు మళ్లీ కూడిన గ్రామసభలో ఒక పెద్దమనిషి లేచి, బొడ్రాయిని కదిలిస్తే ఊరికి అరిష్టమని అయ్యవారు చెప్పారన్నాడు. అప్పటిదాకా ఆ రాయిని ఆనించి ట్రాక్టర్లు నిలిపేవాళ్లు. పిల్లలు దానిమీద కూచొని ఐస్‌క్రీం తినేవాళ్లు. ఒక్క పూటలో అందరికీ భక్తి పుట్టింది. రాయి ఉన్నచోటే ఉండాలని, రోడ్డు మావైపు మళ్లాలని అనుకునేవాళ్లు చేతులెత్తాలన్నారు. చేతులు లేచాయి. వాటిలో మామ చెయ్యి ఉంది.

అమ్మ లేచి నిలబడింది. ఆయన నేర్పినట్టే ముఖం చూసి అడిగింది. "అన్నా, నువ్వు చెయ్యి వెట్టి చెప్పినవ్ గద." ఆయన తల దించుకునే ఉన్నాడు. "ఊరు ఒక్కమాట మీదికొచ్చింది చెల్లె. నేనొక్కన్ని ఏం జేస్త" అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమని మనవాళ్లు ఊరికే అనలేదు. ఊరు ఒక్కమాట మీదికి వచ్చింది ఆయన ఇంట్లోనే కదా. కొడుకు అప్పుడే ముందు గదికి షట్టర్ పెట్టించి సెల్‌ఫోన్ దుకాణానికి సిద్ధం చేసుకున్నాడని తరువాత తెలిసింది. అరుగు పోతే పోనియ్యమన్న మనిషి షట్టర్ దగ్గర ఆగిపోయాడు. లేక కొడుకు దగ్గర ఆగిపోయాడో, పెద్దమనుషుల దగ్గర ఆగిపోయాడో. ఆయన చెప్పలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత మాకు అట్ల ఒంటికి పట్టింది.

స్టే తెచ్చుకునే వ్యవధి కూడా లేకుండా జేసీబీ వచ్చింది. సామాను మోయడానికి మామ తన ట్రాక్టర్ పంపాడు. వద్దనే రోషం నాకుంది కానీ ఊళ్లో వేరే బండి దొరకలేదు. బల్లలూ స్టవ్వూ గిన్నెలూ అందులోనే ఎక్కించాం. టైలరన్న తన మిషన్ నెత్తిన పెట్టుకొని పోతూ అమ్మను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. అమ్మ తన ఇల్లు పోయినదానికంటే, ఆ మనిషిని తను ఆపినందుకే ఎక్కువ కుమిలిపోయింది.

జడ్చర్లలో కిరాయి ఇంట్లో చేరాం. నేను మందుల షాపులో పనికి కుదిరాను. అమ్మ ఆ గ్రామసభ తరువాత మామతో మాట్లాడలేదు. ఆయన్ని తిట్టగా కూడా నేను వినలేదు. నేను తిడుతుంటే మాత్రం ఒకసారి అంది, "ఇల్లు వొయ్యింది, వోనియ్. ఎందుకు జేసిండో ఒక్క మాట నాకు చెప్తే అయిపోతుండె." అమ్మకు కావలసింది అదొక్కటే. ఊరు చెప్పిన జవాబు కాదు, అన్న చెప్పే జవాబు.

ఒకసారి ఆయన మా షాపుకు బీపీ గోలీల కోసం వచ్చాడు. జడ్చర్లలో ఎన్ని మందుల షాపులు లేవు, నేనున్న షాపుకే రావాలా. చిక్కిపోయి ఉన్నాడు. అమ్మ మంచిగున్నదా అని అడిగాడు. ఉందన్నాను. గోలీలు జేబులో పెట్టుకొని కూడా కదలలేదు. "ఇంట్ల చాయ్ తాగబుద్ధైతలేదు బిడ్డా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. హోటల్‌ను తారు కింద పెట్టి, చాయ్ రుచి గురించి నాకు చెప్పుకోవడానికి వచ్చాడా అనుకున్నాను. అది క్షమాపణేనేమో. ఆయనకు వచ్చిన భాషలో అంతకంటే దగ్గరి మాట లేదేమో. కానీ అది అమ్మకు చెప్పాలి, నాకు కాదు. ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ విని, ఇంకేమన్నాడని అడిగింది. ఇంకేమీ అనలేదన్నాను.

నిజం చెప్పాలంటే ఇవాళ మా కాలనీలో మోరీ నిండితే మున్సిపాలిటీకి పోయి అధికారి ముఖం చూసి అడిగేది నేనే. ఆ ధైర్యం నాకు ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన పెట్టిన దీపంతోనే ఆయన చేసిన పని కనిపిస్తుంది. కృతజ్ఞతా కోపమూ ఒకే మనిషి మీద ఉంటే ఆ మనిషిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మేము బస్సు దిగేసరికి పాడె కడుతున్నారు. ఆయన వాకిలి ఇరుకని రోడ్డు మీద కడుతున్నారు. ఒకప్పటి మా పొయ్యి దగ్గర. అమ్మ అటు చూసి, ఒక పక్కగా నిలబడింది. ఆయన కోడలు వచ్చి అమ్మను పట్టుకొని ఏడ్చింది. అమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది. డప్పులు మొదలయ్యాయి. అందరితోపాటు మేమూ నడిచాం.

శ్మశానం సగం దూరం ఉందనగా, దింపుడు కళ్లం దగ్గర పాడెను నేల మీద దించారు. ప్రాణం ఏమైనా మిగిలి ఉంటే పలుకుతాడని అక్కడ చెవిలో పిలుస్తారు. కొడుకు వంగి నాయినా అని పిలిచి లేచాడు. కూతురు పిలిచింది. ఇంకెవరైనా ఉన్నారా అని పెద్దమనిషి అడిగాడు. అమ్మ గుంపులోంచి ముందుకు నడిచింది. సొంత చెల్లెలు కాదని ఎవరో సణిగారు. అమ్మ వినిపించుకోలేదు. మోకాళ్ల మీద కూచొని, ఆయన చెవి మీది పూలు పక్కకు జరిపి, "అన్నా" అని పిలిచింది. అంతటితో లేస్తుందనుకున్నాం. లేవలేదు.

"ఎందుకు జేసినవే అన్నా" అని అడిగింది. గట్టిగా అనలేదు. పక్కన ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది. అడిగి, తన చెవి తీసుకుపోయి ఆయన నోటి దగ్గర పెట్టింది. డప్పులవాళ్లు చేతులు ఆపి నిలబడ్డారు. ఇక లేపుదామా అన్నట్టు పాడె మోసేవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. అమ్మ అలాగే వంగి ఇంకా వింటూ ఉంది.