బావగారికి చూపించిన చంద్రుడు

మొన్న మా స్కూల్లో కొత్తగా చేరిన సైన్సు టీచరమ్మ మా డాబా మీదకి వచ్చి, నా టెలిస్కోపులో గురుగ్రహాన్ని చూసి మురిసిపోయి, "ఈ వయసులో ఈ ఇష్టం ఎలా మొదలైంది మేడం?" అని అడిగింది. చిన్నప్పటి నుంచీ ఆకాశమంటే ఇష్టమని చెప్పాను. పచ్చి అబద్ధం. యాభై రెండేళ్ళు వచ్చేదాకా నేను ఆకాశం వైపు చూసింది ఆరేసిన బట్టలు తడుస్తాయేమోనని మాత్రమే. ఇష్టంతో కాదు, పగతో మొదలుపెట్టాను. పగ అన్న మాట టీచరు నోట బాగుండదు కానీ, ఇంకో మాట పెడితే మళ్ళీ అబద్ధమవుతుంది.

ఆ పగ మా బావగారి మీద. అంటే మా ఆయనకి స్వయానా అన్నగారు. మా ఆయన పోయాక నూజివీడు పక్కన నా వాటాకి వచ్చిన నాలుగెకరాల మామిడితోటని నేనే చూసుకునేదాన్ని. గేటు తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. స్కూలు వదలగానే తోటకి వెళ్ళి, కాపలా వాళ్ళతో నాలుగు మాటలు చెప్పి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చేదాన్ని. కాయ ముదిరే రోజుల్లో మా వైపు తోటల్లో ఒక పద్ధతి ఉంది. ఎక్కడ కొత్త వెలుతురు కనిపించినా ముందు కేక పెట్టాలి, ఆలోచన తర్వాత. ఆలోచిస్తూ కూర్చుంటే కాయలు హనుమాన్ జంక్షన్ దాటిపోతాయి. ఒక సాయంత్రం పడమటి కంచె దగ్గర, కొమ్మల సందున, తెల్లటి లైటు కనిపించింది. గాలికి కొమ్మలు ఊగుతుంటే అది ఆరుతూ వెలుగుతూ నడుస్తున్నట్టే ఉంది. పద్ధతి ప్రకారం కేక పెట్టి, బావగారికి ఫోన్ చేశాను. ఆయన చర్చి వాళ్ళ ప్రార్థన కూటంలో ఉన్నారు. కూటాన్ని కూటంగా లేపుకుని, బైకుల మీద, కర్రలతో వచ్చారు. అందరూ కంచె దాకా పరిగెత్తితే లైటు పక్క తోటలో ఉంది. పక్క తోటకి పోతే ఆ పై తోటలో ఉంది. చివరికి సంఘ పెద్ద ఒకాయన ఆయాసపడుతూ నిలబడి, "అది చుక్కమ్మా, శుక్రుడు" అన్నారు.

ఆ రోజుకి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. బావగారు దాన్ని విస్సన్నపేట పెళ్ళిలో చెప్పారు, చింతలపూడి గృహప్రవేశంలో చెప్పారు, ఒక సమాధి కార్యక్రమం అయ్యాక కాఫీలు తాగుతూ కూడా చెప్పారు. మరుసటి ఏడు పూత టైముకి నా నాలుగెకరాలని కూడా తన తోటతో కలిపి ఒక వ్యాపారికి గుత్తకి ఇచ్చేశారు. నన్ను అడగలేదు. ఎందుకని నేను అడిగితే పదిమందిలో, "చుక్కని చూసి దొంగ అన్న మనిషివి, రేపు దొంగని చూసి చుక్క అంటావు. తోట నీ వల్లకాదులే అమ్మాయ్" అన్నారు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి ఇంటికి వచ్చి, తలుపేసుకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక టెలిస్కోపుకి ఆర్డరు పెట్టాను.

నేర్చుకోవడం నేననుకున్నంత తేలిక కాలేదు. మొదటి వారమంతా సెల్ టవరు మీది ఎర్ర లైటుని చూసి అంగారకుడనుకున్నాను. పొగమంచు పడకుండా ఉంటుందని పెరట్లో మామిడిచెట్టు కింద టెలిస్కోపు పెట్టాను. పూత రోజుల్లో ఆ చెట్టు కింద బండి పెడితేనే తేనెమంచు పురుగు కార్చే జిగటకి సీటు అతుక్కుంటుంది. మామిడితోటలో ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, అద్దం దాకా జిగట పాకాక గానీ నాకా సంగతి గుర్తు రాలేదు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, నోటుబుక్కులో రాసుకుంటూ ఒక్కో చుక్కా కూడబలుక్కున్నాను. శని చుట్టూ వలయం కనిపించిన రోజు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇది ఆయనకి తెలీదు" అని. ఆ చదువులోనే నాకు కావలసింది దొరికింది. శుక్రుడు భూమికి దగ్గరగా వచ్చే రోజుల్లో, టెలిస్కోపులో గుండ్రంగా కాక, అచ్చం నెలవంకలా కనిపిస్తాడట. అది చదివి, కేలెండరు తీసుకుని కూర్చున్నాను.

పిందె పడ్డాక తోటలో ప్రార్థన పెట్టుకోవడం మా ఇళ్ళలో అలవాటు. టెలిస్కోపు కొన్న రెండో ఏడు బావగారు ఫోన్ చేసి, "నీ స్కూలు సెలవు చూసుకుని రోజు చెప్పమ్మా" అన్నారు. చెప్పాను, అమావాస్య నాడు. ఇంకొకళ్ళ ఇంట్లో అయితే అమావాస్యేంటని ఎవరో ఒకరు అడ్డుపడేవారు. మాకా పట్టింపు లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అదే కూటం, అదే సంఘ పెద్ద. ప్రార్థన అయ్యి పులిహోర పంచేసరికి పొద్దు గూకింది. నేను టెలిస్కోపు తిప్పి పెట్టి, "ముందు పెద్దవారు మీరు చూడండి బావగారూ" అన్నాను. నా టెలిస్కోపుకి కన్ను పెట్టే చోటు గొట్టం పక్కన ఉంటుంది, ఎటు చూస్తున్నామో కొత్తవాళ్ళకి తెలియదు. ఆయన వంగి చూసి, "ఓహో, చంద్రుడు. నెలవంక భలే ఉంది" అన్నారు.

"ఖాయమేనాండీ?"

"చంద్రుణ్ణి నాకు నువ్వు నేర్పుతావా అమ్మాయ్?"

"అయితే ఎక్కడున్నాడో వీళ్ళకి ఓసారి చూపించండి."

ఆయన తలెత్తి తూర్పు చూశారు, నడినెత్తిన చూశారు, చెట్టు అడ్డమొచ్చిందేమోనని నాలుగడుగులు పక్కకి వేసి మళ్ళీ చూశారు. సంఘ పెద్ద మెల్లగా, "ఇవాళ అమావాస్య కదండీ" అన్నారు. "ఆయన చూసింది చంద్రుణ్ణి కాదండీ. అప్పుడు మీరంతా కర్రలతో పట్టుకోవడానికొచ్చిన దొంగనే" అన్నాను. మా తోటికోడలు నవ్వు మొదలుపెట్టింది, ఆయన భార్యే. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. బావగారు పులిహోర విస్తరి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. నాకు జాలి వెయ్యలేదు. కడుపు నిండింది. మర్నాడు పొద్దున్నే మా తోటికోడలు వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "వచ్చే కాపు నుంచి నీ తోట నువ్వే చూసుకోమన్నారు" అంది.

ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా ఈ కథ నేనే చెబుతాను. ఆయన ఉంటే ఇంకొంచెం పెద్దగా చెబుతాను. పశ్చాత్తాపమేమీ లేదు. కానీ మొన్న ఆ సైన్సు టీచరమ్మ గురుడి పక్కనున్న చిన్న చందమామల్ని చూసి, కన్ను తీయకుండా అలా చూస్తూ ఉండిపోతే, నాకు ఆమె మీద అసూయ పుట్టింది. నేను అవి మొదటిసారి చూసిన రోజు అలా చూడలేదు. నేర్చుకున్నన్నాళ్ళూ ప్రతి చుక్క వెనకా ఆయన మొహమే చూశాను. తోట తిరిగి రాబట్టుకున్నాను, పరువు గుంజుకున్నాను. మొదటిసారిగా చూడాల్సిన ఆ రెండేళ్ళ ఆకాశాన్ని మాత్రం ఏ బావగారూ తిరిగి తెచ్చి ఇవ్వలేరు, దానికి కూడా నాకు ఆయన మీదే కోపం.