మనలో, మాలో

హేమమాలిని అంబత్తూరు పారిశ్రామికవాడలో, బోరు మోటార్లు చేసే ఒక కంపెనీలో తెలుగు ఫోన్లకు జవాబు చెబుతుంది. చేరినప్పుడు అది కంపెనీ కాదు. రేకుల షెడ్డు. లోపల ఒక లేతు మిషను, ఒక బల్ల, ఒక ఫోను. లేతు దగ్గర అరుముగం. బల్ల దగ్గర ఈమె. యజమాని కోదండరాం ఎక్కువగా బస్సుల్లో ఉండేవాడు. గూడూరు, నాయుడుపేట, పుత్తూరు తిరిగి మోటార్లు అమ్మేవాడు.

ఆమె తండ్రి నెల్లూరు నుంచి సినిమాల్లో వయొలిన్ వాయించడానికి వచ్చాడు. కొన్నేళ్లు వాయించాడు. తర్వాత ఆయనా, ఆయన పక్కన కూర్చునేవాళ్లూ చేసే పని ఒక కీబోర్డు చేసింది. ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలి. చదువు సగంలో ఉన్న కూతురికి స్పష్టంగా మాట్లాడటం వచ్చు. కోదండరాంకు కావలసింది అదే. ఆయనది సౌకారుపేట వర్తకుల కుటుంబం. తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగే, కానీ తమిళం కలిసిన ఆ తెలుగు వింటే ఆంధ్రా రైతులు నవ్వేవాళ్లు.

"నువ్వు మాట్లాడమ్మా. నేను మాట్లాడితే అరవోడని ఫోను పెట్టేస్తా ఉండారు" అన్నాడు మొదటి రోజు.

అప్పట్లో ఆయన్ని ఆమె అన్నా అనేది. ఆయన భార్య మధ్యాహ్నం క్యారియర్ తెచ్చేది. ఆ ఉన్న ఒక్క బల్ల మీదే నలుగురూ తినేవాళ్లు. జీతం ఇవ్వలేని నెలల్లో కోదండరాం తల దించుకుని తినేవాడు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. షెడ్డు పోయి భవనం వచ్చింది. అద్దాల గది వచ్చింది. కొత్తగా చేరిన మేనేజరొకడు ఆమెను పక్కకు పిలిచి, బయటివాళ్లు వస్తుంటారు, సార్ అనండి అన్నాడు. ఆ రోజు నుంచి సార్. కోదండరాం ఆ మార్పును గమనించాడో లేదో తెలియదు. ఎందుకని మాత్రం అడగలేదు.

ఫోను మోగితే ఆమె వెంటనే తీసేది. లేదని ఎవరికీ చెప్పేది కాదు. చూసి చెప్తాననేది, చూసి చెప్పేది. మోటారు కాలిపోయిన రైతు తిడితే వినేది. తిట్టడం అయిపోయాక నెమ్మదిగా వివరాలు అడిగేది. ఇందులో పద్ధతంటూ ఏమీ లేదు. పైరు ఎండుతున్నవాడితో ఇంకోలా మాట్లాడటం ఆమెకు చేతకాలేదు.

ఇప్పుడు కోదండరాం పెద్దమనిషి. వర్తక సంఘాల సభల్లో మాట్లాడతాడు. బిజినెస్ కాలేజీలు పిలిచి శాలువా కప్పుతాయి. కంపెనీని ఎలా కట్టాలి, ఎలా నడపాలి అని ఆయన ఇంగ్లీషులో చెప్పిన పాఠాలన్నీ కూర్చి కొడుకు తనీష్ ఒక చిన్న సినిమా తీయించాడు. డీలర్ల సమావేశంలో వేయాలి. తమిళం అయిపోయింది. తెలుగు మిగిలింది.

తనీష్ అదే నెలలో ఇంకో పనీ మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆంటీ, తెలుగు కాల్స్ అన్నీ హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి ఇచ్చేద్దామని ఐడియా. ఏప్రిల్ నుంచి."

"మరి నేను?"

"అదే దాన్ యోచన చేస్తా ఉండాం. ఇంకా డిసైడ్ కాలే. నాన్న చెప్పాల." చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టాడు. "అంతలో ఈ స్క్రిప్ట్ తెలుగు చేసి మీరే వాయిస్ ఇచ్చేయండి. ఆంధ్రా డీలర్లు నాన్న ముఖం మర్చిపోయినా మీ గొంతు మర్చిపోరు."

ఆమెకు యాభై దాటాయి. భర్త పోయి చాలా కాలమైంది. మాధవరంలో అద్దె ఇల్లు, ఒక్కరి సంపాదన. ఈ వయసులో ఇంకెవరూ పిలిచి ఫోను ముందు కూర్చోబెట్టరు. నాన్న చెప్పాల అన్నాడు కాబట్టి అంతా కోదండరాం చేతిలో ఉంది. ఆ ఆదివారం కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది.

ఫోను మూడోసారి మోగేలోపు తీయాలని ఒక పాఠం. డీలరుకు లేదని చెప్పకూడదని ఒకటి. కోపంలో ఉన్న కస్టమరును చివరిదాకా మాట్లాడనివ్వాలని ఇంకొకటి. వెతుక్కోకుండానే మాటలు దొరికాయి. ఇవి ఎక్కడివో ఆమెకు తెలుసు. కోపం రాలేదు. సంతోషం లాంటిదే వచ్చింది. ఈయన చూస్తూనే ఉన్నాడన్నమాట.

చివరి పాఠం మనుషుల గురించి. కట్టినవాళ్లే కంపెనీ, వాళ్లకు రిటైర్‌మెంట్ ఉండదు అని దాని సారం. ఇంగ్లీషులో అక్కడున్నది వీ అనే రెండక్షరాల మాట. అందులో చెప్పేవాడు ఉంటాడు. వినేవాడు ఉన్నాడో లేడో అది తేల్చదు. మనమా, మేమా తేల్చమంటుంది తెలుగు. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. దీన్ని కట్టిన మనలో ఎవరికీ రిటైర్‌మెంట్ లేదు అని రాసింది. రాశాక ఏప్రిల్ కొంచెం దూరం జరిగినట్టనిపించింది. ఆయన నోటితో ఆయనే అన్నాడు కదా. అందరి ముందూ వినిపిస్తుంది కదా.

రికార్డింగుకు ముందు కోదండరాం ఒకసారి వింటానన్నాడు. అద్దాల గదిలో ఆమె చదివింది. తనీష్ పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కోదండరాం కళ్లు మూసుకుని విన్నాడు.

"బాగుందమ్మా. గొంతు అట్నే ఉండాది." కళ్లు తెరిచాడు. "ఒక్కటే. అదేంది, ఊరికే మనం మనం అంటా ఉండావు? షెడ్డులో మనం మొదలుపెట్టినాం, మనం జీతాలు తీసుకోలేదు. వినేది డీలర్లు గదా. వాళ్లేం కట్టినారు? మేము అని పెట్టు."

మాట న్యాయమే. వ్యాకరణం కూడా ఆయన వైపే ఉంది. సరి సార్ అని ఆమె ఒక్కొక్కటే దిద్దుకుంటూ పోయింది. మేము అన్నా పరవాలేదు, అందులోనూ తనకు చోటుందనుకుంది. చివరి వాక్యం దగ్గర పెన్ను ఆగింది.

"ఈడ కూడానా సార్?"

"యాడ?"

"కట్టిన మనలో ఎవరికీ..."

"ఆడే దాన్ ముఖ్యం. మాలో అని ఉండాల. లేకుంటే రేపు ఒక్కొక్కడూ వచ్చి, సార్, నాకూ రిటైర్‌మెంట్ లేదన్నారే అని కుర్చీ ఏసుకుని కూర్చుంటాడు."

ఆయన నవ్వాడు. తనీష్ కూడా నవ్వాడు.

"మాలో అంటే ఎవరెవరన్నా?" అంది హేమమాలిని.

అన్నా అనే మాట ఎన్నో ఏళ్ల తర్వాత నోరు జారింది. ఆయనకు అది వినపడలేదు, లేదా విన్నా తేడా తెలియలేదు.

"ఎవరేంది, ఇంట్లోవాళ్లమే. నేను, పోయిన మీ వదిన, మా బామ్మర్ది. ఇప్పుడు తనీష్."

బావమరిది షెడ్డుకు దీపావళికి మిఠాయి పట్టుకొచ్చేవాడు. పెట్టె ఇచ్చి, లేతు మోతకు చెవులు మూసుకుని వెళ్లిపోయేవాడు.

"తనీష్ బాబు అప్పటికి పుట్టలేదు గదా సార్."

"పుట్టకపోతే ఏమమ్మా. మావాడే గదా."

తనీష్ తల ఎత్తాడు. "ఇంగ్లీష్‌లో వీ అంటే అయిపోయింది గదా నాన్నా. తెలుగులో ఎందుకింత గొడవ?"

ఆమె ఒక అక్షరం కొట్టేసింది. ఇంకో అక్షరానికి దీర్ఘం పెట్టింది. అంతకంటే పని లేదు. ఏప్రిల్ సంగతి అడగాలని వచ్చింది. అడగలేదు. జవాబు వచ్చేసింది.

గేటు బయట టీకొట్టు దగ్గర అరుముగం కనపడ్డాడు. ఆయన్ని శాలువా కప్పి ఇంటికి పంపి చాలా కాలమైంది. అప్పుడప్పుడూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుని లోపలికి పోయే లారీలను చూస్తాడు. షెడ్డులో ఆమె దగ్గర నేర్చుకున్న తెలుగు ఇంకా మర్చిపోలేదు. ఆమె జరిగింది చెప్పింది.

"ఇప్పుడా తెలిసింది తంగచ్చీ నీకు? తమిళంలో నాకు అప్పుడే తెలిసిపోయింది. నాంగ, నాంగ, మేము, మేము అంటానే ఉండాడు. నామ, మనం అని ఒక్క చోట రాలే. నన్ను పిలిచి పాత లేతు పక్కన నిలబెట్టి ఫోటో తీసినారు. ఫోటోకి నేను, మాటకి వాళ్లు."

"నాకు చెప్పలేదే."

"చెప్తే ఏం చేస్తావు? చదవనంటావా?"

ఆమె టీ తాగింది. అనదని ఇద్దరికీ తెలుసు.

రికార్డింగు సాలిగ్రామంలో ఒక చిన్న స్టూడియోలో జరిగింది. ఎక్కడా తడబడలేదు. సౌండు చూసే కుర్రాడు తమిళంలో, మేడం, చివరి లైను కొంచెం చప్పగా ఉంది, ఒక చిరునవ్వు పెట్టి చెప్పండి అన్నాడు. ఆమె పెట్టింది. దీన్ని కట్టిన మాలో ఎవరికీ రిటైర్‌మెంట్ లేదు. సూపర్ మేడం అన్నాడు.

సమావేశం పెద్ద హోటల్లో. దీపాలు ఆర్పి తెలుగు సినిమా వేయగానే వెనక వరసల్లో ఎవరో, అమ్మ గొంతే, అమ్మ గొంతే అన్నారు. చప్పట్లు కొట్టారు. వేదిక మీద కోదండరాం లేచి, ఆ చప్పట్లకు చేతులు జోడించాడు. భోజనాల దగ్గర తనీష్ ప్లేటు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, మార్చి వరకు ఉండండి. ఏజెన్సీ పిల్లలకి మీరే ట్రైనింగ్ ఇవ్వాల. కోపంలో ఉండేవాళ్లని మీరు హ్యాండిల్ చేస్తారు చూడండి, ఆ స్టైల్ వాళ్లకి రావాల. నాన్న స్పెషల్‌గా చెప్పినారు."

"సరి బాబూ" అంది. పెరుగన్నం మిగిలింది. పారేయడం ఇష్టంలేక తింది.

మర్నాడు పొద్దున నాయుడుపేట నుంచి ఒక డీలరు ఫోన్ చేశాడు. కోదండరాం బస్సుల్లో తిరిగిన కాలం నుంచీ ఉన్నవాడు.

"నిన్న సినిమాలో మీ మాటిన్నామమ్మా. భలే చెప్పినారు. మీకేమమ్మా, మీకు రిటైర్‌మెంటే లేదంట గదా."

"ఆ మాట నాది కాదన్నా. వాళ్లది. నేను చదివినానంతే."

"వాళ్లంటే ఎవరమ్మా?"

"కంపెనీవాళ్లు."

ఫోనులో అవతల ఎక్కడో మోటారు నడుస్తున్న చప్పుడు.

"మరి మీరు?" అన్నాడు డీలరు.

"మార్చి దాకా ఉంటానన్నా. ఈలోపల పనేమన్నా ఉంటే చెప్పు."