మలయా తాబేలుకు మిల్లు గాలి

1956 చలికాలం. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్త. ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, ఆదోని వైపు ఒక నూలు మిల్లులో హ్యుమిడిటీ సూపర్‌వైజరుగా నాకది రెండో ఏడు. ఆ ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. గాలి పొడిగా ఉంటే నూలు పోగు తెగుతుంది. మా సీమలో వానాకాలంలోనే గాలి పొడి, చలికాలం సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని మిల్లులో నీటి తుంపర్లు కొట్టి గాలిని తడుపుతాం. ఎంత తడిసిందో చూపేది హైగ్రోమీటర్. అందులో పక్కపక్కనే రెండు థర్మామీటర్లుంటాయి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. రెండింటికీ తేడా ఎంత పెరిగితే గాలి అంత పొడి.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే మిల్లు క్వార్టర్ల దగ్గర మా స్టోర్‌కీపర్ భార్య నాగరత్నమ్మ నన్ను ఆపింది.

"అన్నా, మిల్లులో గాలి తడిపేది నువ్వేనంట గదా. నా తాబేలుకు గూడా రోంత తడిపిస్తావా?"

ఆమె తాతలు పత్తికొండ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వలస పోయినవాళ్లు. ఆమె అక్కడే పుట్టింది, పెళ్లై ఆ ఏడే ఇక్కడికి వచ్చింది. వస్తూ ఒక తాబేలు పిల్లను తెచ్చుకుంది. అరచేతిలో ఇమిడేంత ఉంది. దాన్ని పెట్టె తాబేలంటారట. పొట్ట మీది చిప్పకు మడత బందులాంటిది ఉంటుంది. బెదిరితే తలా కాళ్లూ లోపలికి లాక్కుని కుంకుమ భరిణెలాగా మూత వేసుకుంటుంది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆ మూత సరిగ్గా తెరవలేదు.

"కండ్లు వాచినాయి. ఎర్రలు, వానపాములు పెడితే ముట్టదు. పశువుల డాక్టరు ఎద్దయితే చెప్తా అన్నెడు. మా తోటలో దినామూ వానే అన్నా. ఈడికొచ్చినాక నా కాళ్లే పగిలినాయి. నేనన్నా నోరు తెరిచి చెప్తాండా, అదేం చెప్తాది?"

అరుగు మీద ఒత్తులు చేసుకుంటున్న ఆమె అత్త ఈరమ్మ తల ఎత్తకుండానే అంది. "తాబేలు ఇంట్లో కాలు పెడితే కలిసిరాదు. వసారాలో పెట్టుకోమన్నా, పెట్టుకోనీ. గడప దాటితే మాత్రం కంపల్లోకి ఇసిరేస్తా."

నేను మనసులో మూడు అంశాలు రాసుకున్నాను. ఒకటి, వెచ్చదనం. రెండు, తేమ. మూడు, ఈ రెండూ వసారాలోనే.

టీపొడి వచ్చిన పాత చెక్కపెట్టె ఒకటి దొరికింది. అడుగున తడి ఇసుకా కొబ్బరి పీచూ కలిపి పరిచాను, మూలన లోతులేని నీళ్ల పళ్లెం పెట్టాను, పైన బల్బు బిగించి, మూత మీద తడి గోనె కప్పాను. హైగ్రోమీటర్ పెట్టె గోడకు పైభాగాన తగిలించాను. అంకెలు మిల్లులో మంచిరోజున వచ్చేటంత బాగా వచ్చాయి. రోజులు గడిచినా తాబేలు మూత మాత్రం తెరుచుకోలేదు.

"పెట్టె బాగుండాదప్పా," అంది ఈరమ్మ. "తాబేలుకే బాగలేదు."

ఒకరోజు హైగ్రోమీటర్ గుడ్డ తడుపుదామని తీసి, తడిపి, ఇసుక మీద పెట్టి, నాగరత్నమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ కూర్చున్నాను. మళ్లీ చూస్తే రెండు థర్మామీటర్లలోనూ పాదరసం బాగా దిగిపోయి ఉంది. సంగతి అర్థమైంది. మిల్లులో ఈ పరికరాన్ని పోగు నడిచే ఎత్తున తగిలిస్తాం. ఆ అలవాటుతోనే ఇక్కడా పైన తగిలించాను. వేడిగాలి పైనే ఆగిపోయింది. తాబేలున్న అడుగు చల్లగానే ఉంది. అదే మాట చెప్పాను.

"అంటే ఇన్నాళ్లూ గబ్బిలానికి ఇల్లు కట్టినావు," అంది ఈరమ్మ. నాగరత్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఈసారి పెట్టె అడుగున ఒక అర చేసి బల్బును అందులోకి దించాను. దాని మీద అతుకులకు తగరంతో మాటు వేయించిన రేకు తొట్టి, అందులో నీళ్లు. నీటి చుక్క బల్బు మీద పడకూడదు, అందుకే మాటు. తొట్టి మీద జల్లెడ, జల్లెడ మీద ఇసుక. బల్బు వేడి ఆ నీళ్లలోంచి పైకి వస్తుంది కాబట్టి తేమను వెంటబెట్టుకునే వస్తుంది. మర్నాటికి మూత సందులోంచి ముక్కు కనిపించింది. కళ్ల వాపు కొంచెం తీసింది. కానీ తిండి ముట్టలేదు. "తినకుంటే యెన్నాళ్లుంటాదన్నా?" అని అడిగింది నాగరత్నమ్మ.

అంతలో వారపు సెలవు వచ్చింది. క్వార్టర్లకు కరెంటు మిల్లు డైనమో నుంచే వస్తుంది. సెలవునాడు దాన్ని పొద్దున ఆపి, తుడిచి, సాయంత్రం నడుపుతారు. నూలు వడకని రోజు గాలి ఎలా ఉన్నా మాకు పట్టదు గనక, ఆ సంగతి నాకు తట్టనే లేదు. అన్నం తింటూ తట్టింది. చెయ్యి కడుక్కుని పరుగెత్తాను. నాగరత్నమ్మ, ఆమె భర్త పత్తికొండ పోయారని నాకు తెలుసు. వసారాలో పెట్టె లేదు. ఈరమ్మ కంపల్లోకి విసిరేసిందనే అనుకున్నాను.

"అవ్వా, పెట్టె యాడ?"

"లోపలుండాది. చెప్పులిడిసి రా. గట్టిగా మాట్లాడొద్దు, మల్లా మూసుకుంటాది."

వంటింట్లో పొయ్యి మీద స్నానాలకు నీళ్లు కాగుతున్నాయి. పక్కనే పెట్టె, దాని మీద వేడినీళ్లలో ముంచి పిండిన ఈరమ్మ పాత చీర. లోపల తాబేలు ముందుకాళ్లతో అదిమిపట్టి, స్నానాల జలారి వెనక తడిమన్నులో ఆమె తవ్వి తెచ్చిన ఎర్రను లాగుతోంది. సగం అప్పటికే తినేసింది.

"ఇంట్లో కాలు పెట్టగూడదంటివి గదవ్వా?"

"అది పెట్టిందా? నేనెత్తుకొచ్చినా. కాళ్లు నావి." చీరను పెట్టె మీద సర్ది మళ్లీ అంది. "ఇది సస్తే కోడలు మొగం ముడుచుకుని ఏడాదంతా తిరుగుతాది. మలయా నుంచి ఆడపిల్లను తెచ్చుకున్నామప్పా, ఈడ దానికున్న సావాసం ఇదొక్కటే గదా."

ఆ సాయంత్రం కరెంటు వచ్చినా పెట్టె మళ్లీ వసారాలోకి పోలేదు. నాగరత్నమ్మ ఊరి నుంచి వచ్చి వంటింట్లోకి తొంగిచూసి, అత్త పక్కన చతికిలబడి, చాలాసేపు తాబేలునే చూస్తూ కూర్చుందట.

అప్పటి నుంచి నేను ఏ యంత్రం బిగించినా, ఎన్ని వాట్లు, ఎంత తీగ అని లెక్క వేసేముందు ఒకటి అడుగుతాను: కరెంటు పోయినప్పుడు దీని పక్కన ఉండేది ఎవరు? ముందు వాళ్లతోనే మాట్లాడతాను. ఈరమ్మనూ అలాగే మొదటిరోజే అడిగి ఉండాల్సింది. పెట్టెను పొయ్యి పక్కన పెట్టనిచ్చేదా అంటే, ఇచ్చేది కాదు. అయినా అడగాల్సింది.