ఎత్తని చెక్ ట్రే

నా చిన్నప్పుడు నేనాడిన ఒక అబద్ధం గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. చిన్న చిన్న అలకలు కూడా అందులో ఉన్నాయి. ఆ నాలుగు రోజుల పేజీలకు మాత్రం తేదీలు వేసి ఖాళీగా వదిలేశాను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ఇంకా రెండు వారాలుంది.

ఆ పరీక్షలంటే నాకు ఊరికే భయం పట్టలేదు. ప్రీఫైనల్‌లో ఫిజికల్ సైన్స్ పేపరు చేతికొచ్చాక నలభై నిమిషాలపాటు ఒక్క అక్షరం రాయలేకపోయాను. ప్రశ్నలన్నీ ఎప్పుడో చూసిన ముఖాల్లా ఉన్నాయి. పేర్లు మాత్రం గుర్తుకు రావడం లేదు. అరచేతి చెమటకి కాగితం ముడతలు పడింది. ముందు బెంచీ అమ్మాయి అప్పటికే అడిషనల్ షీటు కోసం లేచింది. చివరికి పద్నాలుగు మార్కులు వచ్చాయి. మా నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పబ్లిక్‌లోనూ ఇలాగే అయితే ఇంక చదువు చాల్లేమ్మా, కుట్టుపని నేర్చుకుందువుగాని" అని మెల్లగా అన్నారు. వారం తిరక్కుండా ఎక్కడినుంచో ఒక పాత కుట్టుమిషను ఇంటికొచ్చింది. నేను చదువుకునే మూలలో దాన్ని పెట్టి పైన దుప్పటి కప్పారు. చదువుతూ చదువుతూ తలెత్తితే ఆ దుప్పటి కింద ఎవరో వంగి కూర్చుని నాకోసం చూస్తున్నట్టుండేది.

ఇంట్లో పిల్ల బెంబేలెత్తిపోతోందని మా అమ్మ నన్ను పెదనాన్న వాళ్ళ ఊరు పంపింది. భీమవరం నుంచి ఆటోలో అరగంట. ఒకప్పుడు వరిచేలుండే చోట ఇప్పుడు కనుచూపు మేర రొయ్యల చెరువులే. మా పెదనాన్న రెండు చెరువులు కౌలుకి చేసేవారు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో మేత బస్తాలు, ఒక నవారు మంచం. ఆ మంచమే నా చదువుల గది. చెరువులో గాలి కోసం పెట్టిన ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతూ తిరిగే చప్పుడు పొద్దస్తమానం మోగేది. రెండో రోజుకల్లా అది నా చెవికి ఆనడం మానేసింది.

నా చదువు ఎలా ఉండేదంటే, తెరిచిన పుస్తకం మూసేదాన్ని కాదు. ఒకే పేజీని ఇరవైసార్లు, ముప్పైసార్లు పైకి చదివేదాన్ని. ముఖ్యమైన వాక్యాలకు పసుపు రంగు పెన్నుతో గీతలు పెట్టడం మొదలుపెట్టి, చివరికి వదిలేసిన వాక్యమంటూ లేకుండా చేశాను. పెదనాన్న ఒకసారి వంగి చూసి, "ఏంటే ఇది? పుస్తకం చదువుతున్నావా, పెళ్ళికూతుర్ని చేసి నలుగు పెడుతున్నావా?" అన్నారు. పెదమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చదువుతున్నంతసేపు అంతా వచ్చినట్టే ఉండేది. ఆ వచ్చినట్టుండడం చెదిరిపోతుందేమోనన్న భయంతోనే నేను పుస్తకం మూసేదాన్ని కాదు.

ఆ వారం దూరంగా ఉన్న రెండో చెరువులో పట్టుబడి పెట్టుకున్నారు. ఎదిగిన రొయ్యలను వల లాగి పట్టి అమ్మేపని అది. పెదనాన్న మేత చల్లేసి అటు వెళ్ళిపోవాల్సి వచ్చేది. వెళ్తూ నాకొక చిన్న పని అప్పగించారు. చెక్ ట్రేలో మేత వేసి దించడం, ఎత్తి చూడడం. అడుగున వల బిగించిన వెడల్పాటి పళ్ళెం లాంటిది అది. చెరువంతా మేత చల్లినప్పుడు అందులోనూ ఒక గుప్పెడు వేసి, తాడుతో అడుక్కి దించుతారు. రెండు గంటలాగి పైకెత్తి చూస్తారు. ఖాళీగా ఉంటే రొయ్యలు బాగా తింటున్నట్టు. మరుసటి పూట మేత కాస్త పెంచుతారు. మిగిలి ఉంటే తగ్గిస్తారు, లేదంటే అది అడుగున కుళ్ళి నీళ్ళలో గాలిని తినేస్తుంది. చెరువు అడుగున ఏం జరుగుతోందో పైనుంచి కనిపించదు కాబట్టి, రైతుకి అక్కడున్న కన్ను అదొక్కటే.

మొదటి రోజు నేను కటకాల పాఠం మధ్యలో ఉన్నాను. రెండు గంటలైంది. ఇంకో రెండు పేజీలయ్యాక ఎత్తుదామనుకున్నాను. అంతలో పెదనాన్న ఫోను. "ఏమ్మా, ట్రే ఎలా ఉంది?" లేచి వెళ్ళి చూసొస్తాననడానికి సిగ్గేసింది. "ఖాళీ పెదనాన్నా" అనేశాను. మర్నాడు గుప్పెడు మేత వేద్దామని ట్రే ఎత్తితే నిన్నటి మేత ఉబ్బి, మెత్తబడి, అలాగే ఉంది. దాన్ని నీళ్ళలోకి దులిపేసి, ఆ రోజూ ఖాళీ అనే చెప్పాను. మొదటిది బద్ధకం. రెండోది భయం. ఆ తర్వాత ట్రే ఎత్తడమే మానేశాను. చెరువులోకి వేసిన చెక్క పలక మీద నిలబడి తాడు వంక చూసి వెనక్కి వచ్చేసేదాన్ని. నా మాట నమ్మి పెదనాన్న పూటపూటకీ మేత పెంచారు.

ఐదో రోజు తెల్లారేసరికి మబ్బు పట్టింది. ఎండాకాలపు మబ్బు, గాలి లేదు. చెరువు నీళ్ళు ఆకుపచ్చదనం పోయి డికాషన్ రంగుకి తిరిగాయి. గట్టు పొడవునా కొంగలు వాలాయి. అరుపు లేదు, కదలిక లేదు. అన్నీ నీళ్ళకేసే తిరిగి నిలబడ్డాయి. నేను మంచం మీద కూర్చుని పైకి చదువుతూనే ఉన్నాను, గొంతు పెంచి. ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. ఏరియేటర్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. అన్నాళ్ళూ చెవికి ఆనని చప్పుడు ఎంత పెద్దదో అది ఆగాక తెలిసింది. నా గొంతు నాకే వినపడి చదవడం ఆపేశాను.

గట్టు వారన నీళ్ళ మీద చినుకులు పడుతున్నట్టు చిన్నచిన్న సుడులు లేచాయి. చెయ్యి చాపాను. వాన లేదు. అవి రొయ్యలు. ఊపిరి కోసం పైకి వచ్చి, మీసాలు బయటపెట్టి, గట్టుకి కొట్టుకుంటున్నాయి. ఒక కొంగ ముందుకి ఒక్క అడుగు వేసింది.

పెదమ్మ ఫోను చేస్తే పెదనాన్న బండి మీద పడుతూ లేస్తూ వచ్చారు. జనరేటరు తిప్పారు, ఆక్సిజన్ బిళ్ళలు చల్లారు, నడుంలోతు నీళ్ళలో దిగి చేతులతో నీళ్ళు చిమ్మారు. తర్వాత పలక మీదికెక్కి చెక్ ట్రే తాడు లాగారు. పైకి వచ్చింది ట్రేలా లేదు. వలకంతా పాచి పట్టి, దాని మీద నల్లటి ముద్ద. కుళ్ళిన గుడ్ల వాసన షెడ్డు దాకా వచ్చింది. ఆయన ఆ ట్రే వంక చూశారు. తర్వాత తలతిప్పి నా వంక చూశారు. నా చేతిలో పుస్తకం ఇంకా తెరిచే ఉంది.

సాయానికి వచ్చిన పక్క చెరువు ఆయన ముక్కు మూసుకుని, "ఏవండీ, ఇన్నేళ్ళబట్టి చెరువు మీదున్నారు, ట్రే చూసుకోరాండి? చిన్నపిల్లలు కూడా చేయరండి ఇలాంటి పని" అన్నాడు. పెదనాన్న తాడు చుట్టుకుంటూ, "చూసుకోలేదండి. తప్పు నాదే" అన్నారు.

మధ్యాహ్నానికి ఐసు వేసుకుని వ్యాను వచ్చింది. బతికున్నవాటిని ఇంకా ఎదక్కుండానే పట్టేశారు. మిగతావి తెల్లగా తేలాయి. పెదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఆ రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు. అన్నం తినమని మాత్రం రెండుసార్లు పిలిచారు.

మర్నాడు పొద్దున్న పెదనాన్న షెడ్డులోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నారు. దెబ్బలు పడతాయనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, మూసి, తొడ కింద పెట్టుకున్నారు. మేత కంపెనీ వాళ్ళిచ్చిన పాత క్యాలెండరులోంచి ఒక కాగితం చింపి, వెనకవైపు తిప్పి నా ముందుంచారు. "కటకాలో ఏవో ముప్పైసార్లు చదివావు కదా. ఎత్తు, చూద్దాం" అన్నారు.

నేను రాయగలిగింది మూడు వాక్యాలు. అందులో ఒకటి తప్పు. పెదనాన్న ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పుస్తకంలో పసుపు పూసిన పేజీ మీద ఒక వేలు, నా కాగితం మీద ఒక వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోల్చి చూశారు. నేను ఏడుపందుకున్నాను. ఆ ఏడుపు దేనికోసమో ఇద్దరికీ తెలుసు. "ఏడుపెందుకే? ఎంత మిగిలిందో తెలిసింది కదా. తెలీనప్పుడు ఏడవాలి" అన్నారు. ట్రే ఊసు ఆ రోజు ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

ఆ రోజు నుంచి నా చదువు ఆయన చేతిలోకి వెళ్ళింది. ఒక్క పేజీ చదవగానే పుస్తకం లాక్కునేవారు. రెండు గంటలు పెదమ్మకి వలలు కడగడంలో సాయం చేయమనేవారు. తర్వాత పిలిచి క్యాలెండరు కాగితం ఇచ్చేవారు. గుర్తున్నదంతా రాసి, పుస్తకంతో పోల్చి, రాని ముక్కని కింద వేసి దాని చుట్టూ సున్నా చుట్టాలి. మళ్ళీ చదవాల్సింది ఆ సున్నాలో ఉన్నది మాత్రమే. వచ్చింది మళ్ళీ మళ్ళీ చదివితే ఊరుకునేవారు కాదు. "తిన్నదానికే మళ్ళీ మేతేంటే? కుళ్ళిపోద్ది" అని కసిరేవారు. మొదటి రెండు రోజులు కాగితం నిండా సున్నాలే. వాటిని చూస్తుంటే భయం పెరిగింది కూడా. కానీ అది వేరే భయం. అంతకుముందు నాకు భయం ఎక్కడినుంచి వస్తుందో తెలిసేది కాదు, చెరువు అడుగులా. ఇప్పుడది ఎదురుగా కాగితం మీద ఉంది. లెక్కపెట్టడానికి వీలైన భయం అది.

పరీక్షకి మూడు రోజులుందనగా గట్టు మీద స్టూలు వేసి, పెదమ్మ చేత పళ్ళెం మీద గరిటెతో బెల్లు కొట్టించి, పెదనాన్న చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని ఇన్విజిలేటరై నిలబడ్డారు. నేను రాస్తుంటే వెనక నడుస్తూ దగ్గేవారు. "అమ్మాయ్, పక్కకి చూడకు!" అని గదిమేవారు. పక్కన చెరువు ఎండగట్టిన నల్లటి మట్టి తప్ప మరేమీ లేదు. నేను నవ్వబోయి, ఆ మట్టిని చూసి ఆగిపోయాను. అది ఎలా ఎండిందో నాకు తెలుసు. ఆయనా అటు చూడకుండా నడుస్తూనే ఉన్నారు.

తెల్లారి అక్కడినుంచే పరీక్షకి వెళ్ళాలనగా ఆ సాయంత్రం మళ్ళీ పాత భయం పట్టుకుంది. పుస్తకాలన్నీ ముందేసుకుని ఏది దొరికితే అది తిరగేస్తున్నాను. ఆయన వచ్చి అన్నీ ఎత్తుకెళ్ళి మేత పెట్టెలో పెట్టి తాళం వేశారు. "మబ్బు పట్టినరోజు మేత వెయ్యకూడదు. ఉన్నది అరగనీ" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందని చెప్పను. కానీ మునుపటిలా కలవరించలేదట, పెదమ్మ చెప్పింది.

ఫిజికల్ సైన్స్ రోజు పేపరు చేతికొచ్చాక అదే చీకటి మళ్ళీ కమ్మింది. అదే చెమట. అయితే ఈసారి అందులో చెయ్యిపెట్టి వెతకడానికి నాకు కొన్ని గుర్తులున్నాయి. నాకు తప్పకుండా వచ్చినవి ఏవో తెలుసు. రెండు పాఠాలు రావనీ తెలుసు. ముందు వచ్చిన కిరణ చిత్రం గీశాను. పెన్సిలు కాగితాన్ని తాకాక చెయ్యి నెమ్మదిగా నాదైంది. గొప్ప మార్కులేమీ రాలేదు. పాసయ్యాను. ఇంటర్లో చేర్పించారు. కుట్టుమిషను మా అమ్మ వాడుకుంది.

పెదనాన్న ఆ చెరువు మళ్ళీ కౌలుకి తీసుకోలేకపోయారు. మిగిలినదాంతోనే నెట్టుకొచ్చారు. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఆయనకి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా నా నోటితో చెప్పడం వేరు. ఆ మాట ఇంకా లోపలే ఉంది. ఈ వయసులో ఉద్యోగ పరీక్షలకి చదువుతున్నాను. ఇప్పటికీ పేజీ చదవగానే పుస్తకం మూసేస్తాను, తెల్లకాగితం తీసుకుంటాను, రానిదాని చుట్టూ సున్నా చుడతాను. బాగా వచ్చేసిందని మనసు చెప్పినప్పుడల్లా మాత్రం ముక్కుకి ఆ వాసన తగులుతుంది.

పోయిన వానాకాలంలో ఆయనకి ఒంట్లో బాగోలేక రాజమండ్రి ఆసుపత్రిలో ఉంచారు. చూడ్డానికి వెళ్ళాను. ఈసారి చెప్పి తీరాలనుకునే వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతలో ఆయనే, పరీక్ష ఎప్పుడని అడిగారు. వచ్చే ఆదివారమన్నాను. చదివావా అన్నారు. చదివాను పెదనాన్నా అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే కాస్త నవ్వారు. ఆ పరీక్ష నేను రాసేనాటికి ఆయన లేరు. నాతో ఆయనన్న చివరి మాట ఇదే:

"చదివానంటే నేను నమ్మనే. ఏది రాలేదో చెప్పు, అప్పుడు నమ్ముతాను."