కోడూరులో రెండో జత కళ్ళు

బందరులో మా వీధి చివర నెట్ సెంటర్లో క్యాబిన్ తలుపు తెరిచిపెట్టి కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు ప్లైవుడ్ తలుపులు వేసుకుని లోపల ఏం చూసేవారో నాకు తెలియదు. నేను పిట్టల్ని చూసేవాణ్ణి. అందువల్ల షాపాయనకు నా మీద కొంచెం అనుమానం ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పక్షుల్ని చూసే పిచ్చి ఉన్నవాళ్ళం డజను మందిమి ఒక ఈమెయిల్ గ్రూపు పెట్టుకున్నాం. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే ఎక్కడెక్కడి పక్షులూ డెల్టాకు దిగే నెలల్లో, ప్రతి ఆదివారం సాయంత్రం ఎవరు ఏం చూశారో జాబితా పంపాలి. పంపలేకపోతే కారణం రాయాలి. పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చిందని రాసి, షామియానా మీద వాలిన గోరువంకల లెక్క జతచేసిన సభ్యుడు కూడా ఉన్నాడు.

గ్రూపు పెద్దాయనది గుడివాడ. అక్కడాయనకు మందుల షాపు ఉండేది. చీటీ లేకుండా మందిచ్చేవాడు కాదు, సాక్ష్యం లేకుండా పిట్టను ఒప్పుకునేవాడు కాదు. అందుకని ఒక నియమం పెట్టాడు. ఒక్కరే చూసిన పిట్ట లెక్కలోకి రాదు. అదే పిట్టను గ్రూపులో ఇంకొకరు కూడా చూసి అవునంటేనే పట్టికలో ఎక్కుతుంది. దీన్ని మేం రెండు జతల కళ్ళ నియమం అనేవాళ్ళం.

నాకు ఈ నియమంతో ఇబ్బంది లేదు. బందరు, పెడన, గుడివాడ ఒకే రైలు దారిలో ఉన్నాయి. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే మిత్రుడొకడు సభ్యుడు. అతను చెరువుగట్టున కొత్త పిట్టను చూసి ఫోను చేస్తే గంటలో నేను అక్కడుండేవాణ్ణి. పిట్ట ఉండేది కాదనుకోండి. కానీ దాని బొమ్మను అచ్చు చెక్కేంత వివరంగా గీసి పెట్టేవాడు. పెద్దాయన ఆ బొమ్మల్ని సగం సాక్ష్యంగా ఒప్పుకునేవాడు.

చిక్కంతా కోడూరు సభ్యుడికే. ఆయన రొయ్యల రైతు. తన చెరువులో రొయ్యల్ని తినిపోయే పక్షుల్ని తిట్టకుండా పేరుపేరునా రాసుకునే రైతును నేను ఇంకొకణ్ణి చూడలేదు. మా అందరి జాబితాలూ కలిపినా ఆయన జాబితాలో సగం ఉండేవి కావు. అయితే కోడూరుకు రైలు లేదు. రెండు బస్సులు మారి, ఆపైన గట్ల మీద నడిచి, రెండో జత కళ్ళను అక్కడిదాకా మోసుకెళ్ళే ఓపిక మాలో ఎవరికీ లేదు. చలికాలం చివర పెద్దాయన పట్టిక పంపేవాడు. మూడు చలికాలాలూ కోడూరాయన పేరు ఎదురుగా సున్నా. బెజవాడలో ఆఫీసు కిటికీలోంచి కాకినీ పావురాన్నీ మాత్రమే చూసే సభ్యుడికి రెండు మార్కులు వచ్చాయి. అతని పక్క సీటాయన కూడా సభ్యుడే.

నాలుగో చలికాలం, డిసెంబరులో, కోడూరు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఖాళీ చేసిన చెరువులో రోజూ పొద్దున్నే తెడ్డుమూతి కొంగలు దిగుతున్నాయని, ఇంతకుముందు గ్రూపులో ఎవరూ చూడనివని రాశాడు. కింద ఇంకో రెండు వాక్యాలు. "ఈసారి కూడా ఎవరూ రాకపోతే ఇక జాబితా పంపడం మానేస్తానండి. కోపం కాదు, ఎవరూ నమ్మని పిట్టల కోసం ప్రతి ఆదివారం అవనిగడ్డ నెట్ సెంటరు దాకా బండి మీద పోవడం ఏమిటని మా ఆవిడ అడుగుతోంది."

అంతకుముందు వారమే ఆయన జాబితా చూసి, "కోడూరులో పక్షులు తమను తామే లెక్కపెట్టుకుంటున్నట్టున్నాయి" అని నేను ఒక చతురోక్తి విసిరి ఉన్నాను. గ్రూపంతా నవ్వారు. ఆయన నవ్వినట్టు మెయిల్ రాలేదు. పెద్దాయనకు నేనే ఫోను చేసి, ఈ ఆదివారం వెళ్దామన్నాను.

శనివారం సాయంత్రానికి గుడివాడాయన, పెడన మిత్రుడు మా ఇంటికి చేరారు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కాం. పక్షులు బెదరకుండా కొట్టొచ్చినట్టు కనబడే రంగులు వేసుకోకూడదన్నది గ్రూపు ఆచారం. అందుకని ముగ్గురం ఖాకీ రంగు చొక్కాలు, మట్టిరంగు ప్యాంట్లు వేసుకున్నాం. మెడలో బైనాక్యులర్లు, చేతుల్లో నోటుబుక్కులు. కండక్టరు టిక్కెట్లు అడగడానికి కాస్త మొహమాటపడ్డాడు. అది గమనించాల్సిన విషయమని అప్పుడు మాకు తోచలేదు.

కోడూరులో దిగేసరికి పొగమంచు ఇంకా విడలేదు. కోడూరాయన బస్టాండులో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. ఆదివారం ప్రార్థనకు వెళ్ళకుండా ఉండడం ఇదే మొదటిసారని, వాళ్ళావిడ ఒక్కతే గుడికి, అంటే చర్చికి, వెళ్తోందని చెప్పాడు. దేవుడితో పెట్టుకున్నాక మేం తప్పించుకునే దారి లేదు. చెరువుల దాకా నడిచాం. కోసిన వరి కొయ్యకాళ్ళ మధ్య మినుము పచ్చగా లేస్తోంది. అంతా బాగుంది. ఒక్కటే తేడా, పిట్ట కూత లేదు. కాకి కూడా లేదు. గాలిలో మాత్రం దీపావళి మర్నాటి వాసన ఉంది.

ఖాళీ చెరువు గట్టు మీద ఎర్ర లుంగీ కట్టుకున్న పెద్దమనిషి మాకు ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. పక్క చెరువు ఆసామి, కోడూరాయనకు వరసకు బావ.

"రండి సార్, రండి. మొత్తం చూసుకోండి. ఒక్క పిట్ట లేదండి."

"లేదంటే?" అన్నాడు గుడివాడాయన.

"మీరొస్తన్నారని రాత్రే చెప్పాడండి మా బావ. పిట్టల్ని చూట్టానికి పెద్దోళ్ళొస్తన్నారని. తనిఖీ అంటే ఊరుకుంటామా అండి? చీకటితో లేచి నాలుగు చెరువుల మీదా తాటాకు బాంబులు కాల్పిచ్చా. బావ మెతక మనిషండి, పిట్టల్ని తోలడు. పిట్టలు వాలితే రొయ్యలకి రోగాలంటారుగా, రేపు మీరు ఆయన మీద ఏవన్నా రాస్తారేమోనని."

కోడూరాయన గట్టు మీదే ఆగిపోయాడు. "బావా, వీళ్ళు ఆఫీసర్లు కాదు. నా స్నేహితులు. పిట్టలుంటే చూద్దామని వచ్చారు."

బావగారు మా ముగ్గురినీ కింద నుంచి పైదాకా చూశాడు. "మరి ఈ గుడ్డలేంటి?"

గుడివాడాయన నోటుబుక్కు తెరిచి సమయం వేసి, దాని పక్కన సున్నా రాశాడు. నిజాయితీపరులతో ప్రయాణాల్లో వచ్చే ఇబ్బందే ఇది.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఎండ వచ్చింది. ఒక లకుముకి పిట్ట వచ్చి, పరిస్థితి చూసి వెళ్ళిపోయింది. బావగారు అపరాధ భావంతో నలుగురికీ కొబ్బరిబోండాలు కొట్టించాడు. "పర్లేదండి, ఇంకోసారి వస్తాం" అని పెడన మిత్రుడు అన్నాడు. ఎవరూ రారని కోడూరాయనకు తెలుసు. మాకూ తెలుసు.

పన్నెండు దాటాక కోడూరాయన భార్య గుడి నుంచి నేరుగా గట్టు మీదికే వచ్చింది. తెల్ల చీర, చంకలో బైబిలు. మా మొహాలు చూసి, "ఏవండీ, వీళ్ళు కాఫీలు తాగారా లేదా?" అంది. తర్వాత, "ఏం పిట్ట కోసం ఇదంతా?" అని అడిగింది. ఆయన నీరసంగా చేతులతో మూతి ఆకారం చూపించాడు.

"అట్లకాడ మూతిదా? తెల్లగా ఉండి, నీళ్ళల్లో తల అటూ ఇటూ ఊపుకుంటా నడుస్తది, అదేనా?"

గుడివాడాయన చేతిలోని బోండాం పక్కన పెట్టాడు. ఆయన దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకం ఇదే సంగతి చెప్పడానికి ఒక పేరా తీసుకుంది. "ఎప్పుడు చూశారమ్మా?"

"ఎప్పుడేంటండీ, ఇప్పుడే. గుడి నుంచి వచ్చేప్పుడు. మురుగు కాలవ అవతల ఉప్పు పర్రలో ఉన్నాయి. ఇక్కడ టపాకాయలు కాల్చినప్పుడల్లా అక్కడికే పోతాయి."

"మూడేళ్ళ నుంచీ నాతో ఒక్క మాట అనలేదే?" అన్నాడు భర్త.

"మీరు కంప్యూటర్లో వాళ్ళకి చెప్పుకుంటన్నారుగా. నన్నెప్పుడన్నా అడిగారా?"

కాలవ గట్టు వెంట వెళ్ళాం. ముందు ఆవిడ తెల్ల చీర, వెనక బావగారి ఎర్ర లుంగీ, మధ్యలో పక్షులు బెదరకుండా మట్టిరంగు వేసుకున్న మేం. మిగిలిన బాంబుల సంచిని ఇంటి దగ్గరే ఉంచమని బావగారిని వినయంగా కోరాం.

ఉన్నాయి. ఉప్పునేల మడుగులో, చీలమండ లోతు నీళ్ళలో, తెల్లగా, వరసగా, మూతులు నీళ్ళలో పెట్టి ఊపుకుంటూ వెళ్తున్నాయి. ఊడ్చే పని అప్పగించినట్టు. గుడివాడాయన బైనాక్యులర్లు ఎత్తి పట్టుకుని ఎంతసేపటికీ దించలేదు. కోడూరాయన కొంగల వైపు చూడడం లేదు. పెద్దాయన నోటి వైపే చూస్తున్నాడు.

చివరికి ఆ నోరు తెరుచుకుంది. "పదిహేడు."

"పద్దెనిమిదండి," అన్నాడు పెడన మిత్రుడు. "ఒకటి వెనకాల ఒంటికాలి మీద నిద్రపోతోంది."

"అది మామూలు కొంగ."

"మూతి రెక్కల్లో పెట్టుకుంటే మామూలు కొంగని ఎట్లా చెప్తారండి?"

ఇద్దరూ పోట్లాడుకుంటుంటే కోడూరాయన గట్టు మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అంత సంతోషంగా నవ్వుతున్న మనిషి పక్కన నిలబడి, నా చతురోక్తికి క్షమాపణ చెబుదామనుకున్నాను. వాళ్ళింట్లో రొయ్యల వేపుడు తిన్నాక చెప్పాను. అప్పుడు ఎవరికైనా క్షమించడం తేలిక.

సాయంత్రం అందరం అవనిగడ్డ నెట్ సెంటర్లో ఒకే కంప్యూటరు చుట్టూ చేరాం. కోడూరాయన ఒంటివేలితో కొట్టాడు. తెడ్డుమూతి కొంగలు, పదిహేడు లేక పద్దెనిమిది. చూసినవాళ్ళు అన్నచోట మొదట భార్య పేరు కొట్టాడు.

"ఆవిడ సభ్యురాలు కాదండి," అని పెద్దాయన గుర్తుచేశాడు. "మా ముగ్గురి పేర్లూ వేయండి, సరిపోతుంది. మీ సున్నా పోతుంది."

కోడూరాయన కీబోర్డు మీద నుంచి చెయ్యి తీశాడు. "ఆవిడ చూపించకపోతే మీరు చూసేవాళ్ళా అండి? ముందు ఆవిణ్ణి చేర్చుకోండి. ఆ తర్వాతే నా పిట్టల్ని."

మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆ మాటంటాడని ఎవరం అనుకోలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుర్చీ తనవైపు లాక్కుని, ఆవిడ పేరు మీద ఈమెయిల్ ఖాతా తెరిచి గ్రూపులో చేర్చాడు. ఆ తర్వాతే జాబితా వెళ్ళింది.

మరుసటి వారం నుంచి కోడూరు నుంచి రెండు జాబితాలు రావడం మొదలైంది. ఫిబ్రవరి పట్టికలో ఇద్దరికీ సమాన మార్కులే అయినా, ఎక్కువ పిట్టల్ని ముందు చూసినందుకు ఆవిడది మొదటి స్థానం, ఆయనది రెండో స్థానం. ఆవిడకు ఇంకో నాలుగు మార్కులు ఎక్కువే వచ్చేవి గానీ, ఆమె జాబితాలో నాలుగు పిట్టల ఎదురుగా, రెండో సాక్షి అన్నచోట, ఆయనే నిజాయితీగా ఇలా కొట్టి పంపాడు. "చూశానంటోంది. నేనింకా చూడలేదండి."