గోలీల పెట్టె మీది చీర

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే ఆటపట్టిస్తాను. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

మా మేనమామ జాతరల్లో పిన్‌బాల్ మెషిన్ పెట్టేవాడు. స్ప్రింగు లాగి వదిలితే ఇనప గోలీ దూసుకెళ్ళి గంటకి తగిలేది. మేం దాన్ని గోలీల పెట్టె అనేవాళ్ళం. కోటబొమ్మాళి జాతరలో ఇంటి పిల్లలందరికీ ఆట ఉచితం. ఆ గంట చప్పుడూ, పక్క కొట్లోంచి వచ్చే జీళ్ళ పాకం వాసనా తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

పెట్టె పక్కచెక్క మీద ఈత దుస్తుల్లో ఒక దొరసాని బొమ్మ ఉండేది. అది చూసి మా అత్త కొట్టు దగ్గరికి రానని భీష్మించుకుంది. మామ ఏం చేస్తాడు? రంగు డబ్బా తెచ్చి దొరసానికి ఆకుపచ్చ చీర కట్టేశాడు. బొట్టు కూడా పెట్టాడు. చూసినవాళ్ళంతా పడీపడీ నవ్వారు. అత్త మాత్రం వచ్చి కొట్లో కూర్చుంది.

మామ పోయాక పెట్టె మూలన పడింది. పాత యంత్రాలు బాగుచేయడమే నా పని కాబట్టి, మొన్న వేసవిలో దాన్ని కొత్తదానిలా చేస్తానన్నాను. పై రంగు తీసేసి అసలు బొమ్మ బయటపెట్టాలని నా పట్టుదల. అత్త "నీ ఇష్టంరా" అంది. ఆవిడకి ఇష్టం లేదని నాకు తట్టలేదు.

స్ప్రింగు, గోలీలు, గంట అన్నీ విప్పి శ్రీకాకుళంలో నా షెడ్డులో పెట్టొచ్చాను. అత్త వరండాలో మిగిలింది ఖాళీ చెక్కపెట్టె. పట్టపగలు. వేడిగాలి ఊదే మిషన్‌తో రంగు మెత్తబరిచి, రేకుబద్దతో చీర కుచ్చిళ్ళు గీకేశాను. పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇక కొంగు దగ్గరికి వచ్చాను.

పెట్టెలో స్ప్రింగు లాగిన చప్పుడైంది. గోలీ దొర్లింది. గంట మోగింది.

లోపల చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. వీధిలో ఏ సైకిలు గంటో అనుకునేవాణ్ణే. ఇంతలో వంటింట్లోంచి అత్త చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చింది. నావైపు చూడనే లేదు. పెట్టెని చూస్తూ, "వస్తన్నాను, ఉండు" అంది.

పెట్టె మీద చెయ్యి వేసి చెప్పింది. కొట్టు తెరవగానే మామ గంట మోగించి ఆవిణ్ణి పిలిచేవాడట. బోణీ ఆట ఆవిడే ఆడాలట.

"మీ మావ నాకోసం కట్టిన సీర్రా అది. ఉండనీ" అంది.

బద్ద పక్కన పడేశాను. నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. గీకేసిన కుచ్చిళ్ళని తిరిగి తేలేనని ఇప్పటికీ బాధే.

సాయంత్రం షెడ్డు తెరిచి చూస్తే, గంట నేను కాగితంలో చుట్టిపెట్టినట్టే ఉంది. నేనొక్కణ్ణే విని ఉంటే భ్రమ అని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ వంటింట్లో ఉన్న అత్త విని బదులు పలికింది.