బాణం వస్తోంది

కెరోలిన్‌కు తన తెలుగు మీద ఉన్న ధీమా అంతా ఇంతా కాదు. పుట్టి పెరిగింది కలకత్తా గార్డెన్ రీచ్‌లో తెలుగువాళ్ల పేటలో, చదివింది బెంగాలీ బళ్లో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుందన్న మాటేగానీ, మాట్లాడడంలో ఆమెకు ఎదురు లేదు. అందుకే సాల్ట్ లేక్‌లో ఆమె పనిచేసే ఆఫీసువాళ్లు నది హెచ్చరికలను తెలుగులో రాసే పని ఆమెకే అప్పజెప్పారు.

హుగ్లీ నదిది మహా పెంకితనం. పెద్ద పోటు రోజుల్లో సముద్రపు నీళ్లు గోడలా లేచి నదికి ఎదురెక్కి వస్తాయి. బెంగాలీలు దాన్ని బాన్ అంటారు. నీటిమట్టం కొలిచే పరికరాల లెక్కలు చూసి, అది ఏ రేవుకు ఎప్పుడొస్తుందో ఆఫీసు కంప్యూటర్ ముందే చెప్పేస్తుంది. వెంటనే ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ మోగి హెచ్చరిక చూపిస్తాయి.

మరి బాన్‌కు తెలుగేమిటి? బెంగాలీలో బాన్ అంటే బాణం కూడా. ఇంకేముంది, "బాణం వస్తోంది, దూరంగా పోండి" అని కెరోలిన్ ఠకీమని రాసి పారేసింది!

పరీక్షకని పంపిన రోజు, గార్డెన్ రీచ్ రేవులో ఒకావిడ దాన్ని పైకి చదివితే, బట్టలుతుకుతున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఒక్కరూ కదల్లేదు. సాయంత్రం తల్లి రోజమ్మ నిలదీసింది.

"ఏటే, ఎవుడేసినాడే బాణం?"

"బాన్ అమ్మా, బాన్!"

"దాన్ని పోటంటారే, తింగరిదానా."

కెరోలిన్‌కు సిగ్గు సంగతి అటుంచి భయం పట్టుకుంది. అమావాస్య పోటు ఎల్లుండే. అమ్మ బట్టలుతికేదీ ఆ రేవులోనే. మళ్లీ ఇలాగే నవ్వుకుంటూ కూర్చుంటే?

మర్నాడు పై అధికారి అభిజిత్‌తో తెగేసి చెప్పింది. "దాదా, రాత వద్దు. మావాళ్లు ఫోన్లు గట్టు మీద సంచుల్లో పెట్టి నీళ్లలోకి దిగుతారు. ఫోన్లలోంచి పైకి వినబడేలా నా గొంతే వెళ్లాలి."

అతను సరేనన్నాడు. ఆమె మైకు ముందు కూర్చుని, ఆఫీసంతా ఉలిక్కిపడేలా అరిచింది. "ఓలమ్మో, పోటొచ్చేస్తంది! బట్టలొగ్గేసి గట్టెక్కండే!"

అమావాస్య మధ్యాహ్నం హెచ్చరిక వెళ్లింది. కెరోలిన్ తల్లికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఆఖరికి రోజమ్మ పలికింది.

"అమ్మా, ఎక్కినావా?"

"అందరం ఎక్కినాం. బట్టలే ఏటిపాలయినాయి." రోజమ్మ ఆయాసపడుతోంది. "గట్టు మీంచి నీ గొంతినబడితే, నువ్వొచ్చీసినావనుకుని పరిగెట్టుకొచ్చినానే. ఇప్పటిదాకా ఇక్కడంతా నిన్నే ఎతుకుతన్నాను."